మన పెరట్లో వాటి వాటా

సొంత ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబమూ నాలుగు గజాల నేల మిగిలితే అందులో పచ్చదనం పెంచుకోవాలని ఆశిస్తుంది. గేటు పక్కన కాగితం పూల తీగ, ప్రహరీ వెంబడి క్రోటన్లు, వరండాలో మనీప్లాంటు, మధ్యలో కత్తిరించిన పచ్చిక. చూపులకు ఇది అందంగానే ఉంటుంది. అయితే ఫజ్ర్ నమాజు తర్వాత ఒక అరగంట ఆ పెరట్లో కూర్చుని గమనించండి. ఎన్ని పిట్టలు వచ్చి వాలాయి? ఏ కొమ్మపైనైనా గూడు ఉన్నదా? ఏ ఆకునైనా ఏ పురుగైనా కొరికినదా? పట్టణాలలోని అనేక ఇళ్లలో ఈ ప్రశ్నలకు ‘లేదు’ అన్న సమాధానమే వస్తుంది.

ఒక ముస్లిం మొక్క నాటినప్పుడు దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటిన వ్యక్తి పేరున సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ బోధనను మనం తరచూ వింటూనే ఉంటాము. వింటున్నప్పుడు మన మనసులో మెదిలేది మామిడి, కొబ్బరి, జామ. అనగా మనిషి తినే ఫలాలు. కానీ మనిషితో పాటు పక్షికీ, పశువుకూ అక్కడ స్థానం లభించింది. కనుక మొక్క నాటాలా అన్న ప్రశ్నతో పాటు, ఏ మొక్క నాటితే ఈ జీవులకు ఆహారం దొరుకుతుందన్న ప్రశ్న కూడా మనం వేసుకోవలసి ఉన్నది.

స్థానిక మొక్క అనగా...

ఒక ప్రాంతపు నేలలో, వానలో, ఎండలో ఎవరూ తెచ్చి నాటకుండానే వేల ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన మొక్కను స్థానిక మొక్క అంటారు. వేప, తంగేడు, మోదుగ, కానుగ, నేరేడు, రేగు, మర్రి, మేడి, కరివేపాకు ఈ కోవకు చెందినవి. ఇవి ఎండకు తట్టుకుంటాయన్నది అందరికీ తెలిసిన ప్రయోజనం. అంతకంటే ముఖ్యమైన విషయం వీటి ఆకులలో ఉన్నది.

ప్రతి మొక్కా తనను తినే పురుగుల నుండి రక్షణగా ఆకులలో చేదునో, వగరునో, విషాన్నో నింపుకొంటుంది. ఆ రసాయనాన్ని జీర్ణించుకునే శక్తి అన్ని పురుగులకూ ఉండదు. తరతరాలుగా ఆ మొక్కతో కలిసి జీవించిన కొన్ని పురుగులకే అది అబ్బుతుంది. అందుచేత చాలా సీతాకోకచిలుకల పిల్లలు, అనగా గొంగళిపురుగులు, ఒకటో రెండో మొక్కల కుటుంబాలను తప్ప మరి వేటినీ తినలేవు. తల్లి సీతాకోకచిలుక ఏ పువ్వు మీదనైనా వాలి మకరందం తాగవచ్చు. గుడ్లు మాత్రం తన పిల్లలు తినగల ఆకుపైనే పెడుతుంది. ఆ ఆకు దొరకని చోట దాని వంశం ఆగిపోతుంది.

అలాగని పరదేశపు మొక్క ప్రతిదీ శత్రువని అనుకోరాదు. మన పులుసులోని చింతపండు ఆఫ్రికా నుండి వచ్చిన చెట్టుది. మిరప, టమోటా, బొప్పాయి, జామ, సీతాఫలం అమెరికా ఖండాల నుండి వచ్చినవి. అవి మన వంటింటికి ఆప్తులైపోయాయి. కొన్నిటి పండ్లు పక్షులకూ ఆహారమే. మనం జాగ్రత్తపడవలసినవి రెండు రకాలు. మొదటివి, అలంకారానికి తప్ప ఏ జీవికీ అంతగా అక్కరకు రానివి. రెండవవి, హద్దు మీరి వ్యాపించి ఇక్కడి మొక్కలను అణచివేసేవి. వయ్యారిభామ, లాంటానా, సర్కారు తుమ్మ ఈ రెండవ రకానికి సాక్ష్యాలు.

ఇక కోనోకార్పస్ సంగతి. గల్ఫ్ దేశాలకు వెళ్లివచ్చిన మన సోదరులకు ఇది సుపరిచితమైన చెట్టు. కువైట్ మొదలైన చోట్ల రహదారుల వెంట పచ్చని గోడలా నిలబడి ఉంటుంది. త్వరగా పెరుగుతుందన్న కారణంతో మన నగరాలలోనూ, వెంచర్లలోనూ దీనిని వరుసలుగా నాటారు. దీని వేర్లు భూగర్భ పైపులను దెబ్బతీస్తున్నాయనీ, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు కలుగుతున్నాయనీ ఫిర్యాదులు రావడంతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దీని పెంపకాన్ని నిషేధించింది. ఇంటి ముందు నీడ కోసమైతే కానుగ, వేప ఉండగా ఈ చెట్టును ఎంచుకోవలసిన అవసరం మనకు లేదు.

పురుగు లేని చోట పిచ్చుక లేదు

పిచ్చుకలు తగ్గిపోయాయని మనమందరమూ బాధపడుతున్నాము. నాసిక్‌కు చెందిన ప్రకృతి ప్రేమికుడు ముహమ్మద్ దిలావర్, ఆయన స్థాపించిన నేచర్ ఫరెవర్ సొసైటీ చొరవతో 2010 నుండి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం జరుగుతున్నది. ఆ రోజున గూటిపెట్టెలు కడుతున్నాము, గింజలు చల్లుతున్నాము. మంచిదే. కానీ పిచ్చుక గింజలు తినే పక్షి అయినప్పటికీ, గుడ్డు నుండి అప్పుడే వెలువడిన తన పిల్లలకు మాత్రం మెత్తని పురుగులనే తెచ్చి తినిపిస్తుంది. గింజను అరిగించుకునే శక్తి ఆ పసికూనలకు ఉండదు. తేనె తాగి బతికే తేనెపిట్ట కూడా పిల్లల నోట పురుగులనూ, సాలీళ్లనూ పెడుతుంది.

ఈ విషయాన్ని ఇళ్ల తోటలలోనే పరిశీలించి చూసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. అమెరికా రాజధాని వాషింగ్టన్ పరిసరాల ఇళ్ల పెరళ్లలో చికడీ అనే చిన్న పిట్టపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. పెరటిలోని మొక్కల మొత్తంలో స్థానికమైనవి 70 శాతం కంటే తగ్గిన చోట ఆ పిట్టలు తమ సంతతిని నిలుపుకొనేంతగా పిల్లలను పెంచలేకపోయాయని అందులో తేలింది. ఆ దేశపు లెక్క మన దేశానికి యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేము. కానీ అందులోని తర్కం ఇక్కడికీ వర్తిస్తుంది: స్థానిక మొక్క ఉంటే పురుగు, పురుగు ఉంటే పక్షిపిల్ల.

పక్షులకు గింజలు వేసే మన అలవాటును కూడా ఈ సందర్భంగా ఒకసారి పరిశీలించుకోవాలి. హైదరాబాద్ మక్కా మసీదు ప్రాంగణంలో గుంపులుగా వాలే పావురాలకు జొన్నలు చల్లడం దయతో కూడిన పనే. అయితే పావురం నగర జీవితానికి అలవాటుపడిన పక్షి. మన పిడికెడు గింజలతో అవసరం లేకుండానే అది వృద్ధి చెందగలదు. ఆకులను కుట్టి గూడు అల్లే దర్జీపిట్టకూ, సాలెగూటి దారాలతో సంచివంటి గూడు వేలాడదీసే తేనెపిట్టకూ మన గింజలు అక్కరకు రావు. వాటికి కావలసినది ఒక పొద, ఒక తీగ, నాలుగు పురుగులు.

ఏవి నాటుదాం?

కరివేపాకుతో మొదలుపెడదాము, అది లేని వంటిల్లు మనకు లేదు. కరివేప, నిమ్మ, బత్తాయి, మారేడు ఒకే కుటుంబానికి చెందినవి. నిమ్మ సీతాకోకచిలుక, కామన్ మార్మన్ అనే నల్లని సీతాకోకచిలుక వీటిపై గుడ్లు పెడతాయి. పుట్టిన పురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తుంది. శత్రువులను ఏమార్చడానికి సృష్టికర్త దానికి ప్రసాదించిన ముసుగు అది. పెరిగిన తర్వాత ఆకుపచ్చ రంగుకు మారుతుంది. తాకితే తల వెనుక నుండి రెండు కొమ్ముల వంటివి చాచి ఘాటైన వాసన వదులుతుంది. కుట్టదు, కరవదు. నాలుగు రెబ్బలు తిని వెళ్లిపోతుంది; చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కరివేప పండ్లను కోకిలలు, పిగిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. వాటి ద్వారానే విత్తనం దూరాలకు చేరుతుంది.

గోరింట లేని పండుగ మన ఇళ్లలో ఉండదు. గోరింటను కంచెగా పెంచితే పెరటికి గోడ, ఆడపిల్లల చేతికి రంగు, తేనెటీగలకు పూలు. అయితే కంచెను నాలుగు వైపులా నున్నగా కత్తిరిస్తూ పోతే అది పూయదు. ఒక వైపునైనా స్వేచ్ఛగా పెరగనిస్తే సన్నని సువాసన గల పూగుత్తులు వస్తాయి. ఆ దట్టమైన కొమ్మలలో చిన్న పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయి.

రేగుచెట్టుకు మన జీవితంలో ప్రత్యేక స్థానం కలదు. మయ్యత్‌కు గుస్ల్ చేయించేటప్పుడు రేగాకులు వేసి కాచిన నీళ్లు వాడే సంప్రదాయం మన ఊళ్లలో నేటికీ ఉన్నది. హదీసులలో పేర్కొనబడిన సిద్ర్, మన రేగు ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. ఎడారిలో బాటసారులకూ, పశువులకూ నీడనిచ్చే సిద్ర్ చెట్టును అన్యాయంగా నరికేవారి విషయంలో కఠినమైన హెచ్చరిక అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. తెల్లని రెక్కలపై నల్లని చుక్కలు గల కామన్ పియరో అనే చిన్న సీతాకోకచిలుక రేగాకుపైనే పెరుగుతుంది. పండ్ల కాలంలో రామచిలుకలు, పిగిలిపిట్టలు చేరతాయి. ముళ్లుంటాయి కనుక పెరటి మూలన, పిల్లలు ఆడని చోట నాటడం మేలు.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. రాళ్ల నేలలోనూ, నీరు పోయకున్నా బతికే ఈ పొదను ఇంటి తోటలో పెంచుకోవాలన్న ఆలోచన మాత్రం మనలో తక్కువ మందికే వస్తుంది. దీని పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. పెద్ద తుమ్మెదలు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను ఝుమ్మని అదిలించి పుప్పొడిని రాల్చుకుంటాయి. లేత పసుపు, తెలుపు రెక్కల ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు తంగేడు, రేల ఆకులపై గుడ్లు పెడతాయి.

జిల్లేడును మనం పిచ్చిమొక్కగా పీకివేస్తాము. కానీ నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకకు అది తల్లి ఒడి. దాని పురుగులు జిల్లేడులోని విషాన్ని ఒంటిలో దాచుకుంటాయి. ఆ చేదుకు వెరచి పక్షులు వాటిని ముట్టవు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట దీనిని పెంచవద్దు. ప్రహరీ బయట ఖాళీ స్థలంలో దానంతటది మొలిచినప్పుడు పీకకుండా విడిచిపెట్టినా చాలు.

ఆవరణ విశాలంగా ఉన్నవారు మునగ, వావిలి, నేరేడు, కానుగ నాటుకోవచ్చు. మునగపూలకు తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. వావిలి కంచెకు పనికివస్తుంది, నీలిపూలకు తేనెటీగలు మూగుతాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షమైన వేప పండ్లు వేసవి చివర కోకిలలకూ, పిగిలిపిట్టలకూ విందు.

అద్దె ఇంట్లో, అపార్టుమెంటులో ఉన్నవారు నిరాశ చెందనక్కరలేదు. ఎండ తగిలే బాల్కనీలో పెద్ద కుండీలో కరివేప లేదా నిమ్మ, పక్కనే సబ్జా చాలును. రమజాన్ షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలనే గుప్పెడు మట్టిలో చల్లితే మొలకెత్తుతాయి. పూత రాగానే తుంచివేయకుండా వదిలితే ఎన్నో అంతస్తుల ఎత్తుకైనా తేనెటీగలు వెతుక్కుంటూ వస్తాయి. తేనెటీగ పేరున ఒక సూరా అవతరించిన గ్రంథాన్ని పారాయణం చేసే ఇంట దానికొక కుండీ కేటాయించలేమా?

శుభ్రత అంటే సిమెంటేనా?

ఈ మాటలు చెప్పినప్పుడు మన సోదరీమణుల నుండి వచ్చే అభ్యంతరాలు న్యాయమైనవే. ఆకులు రాలితే ఊడ్చేదెవరు? పొదలుంటే పాములు రావా? దోమలు పెరగవా? పొరుగువారు ఊరుకుంటారా? పరిశుభ్రత విశ్వాసంలో భాగమైనప్పుడు పెరడంతా చిందరవందరగా ఉంచుకోవచ్చునా?

పరిశుభ్రత అనగా అపరిశుద్ధమైన వాటిని తొలగించడం. ఎండుటాకు, మట్టి అపరిశుద్ధాలు కావు. తయమ్ముమ్ చేసుకునేందుకు మట్టినే సాధనంగా అల్లాహ్ మనకు ప్రసాదించాడు. నేడు ఇల్లు కట్టించేటప్పుడు బురద అవుతుందన్న భయంతో ప్రహరీ నుండి ప్రహరీ వరకు సిమెంటు పరిపిస్తున్నాము. వాననీరు భూమిలోకి ఇంకదు, వేసవిలో ఆ నేల పెనంలా కాలుతుంది. ఒంటరిగా జీవించే తేనెటీగలలో అనేక జాతులు మట్టిలోనే బొరియలు చేసుకుంటాయి. వాటికిక చోటు లేదు. ఇల్లు కట్టుకోబోతున్న పాఠకులు మేస్త్రీతో ముందుగానే చెప్పి కనీసం ఒక వైపైనా మట్టినేల మిగుల్చుకోవాలని మా విన్నపం.

నమాజు చేసే వరండాను, వాకిలిని, నడకదారిని రోజూ ఊడ్చుకుందాం. రాలిన ఆకులను కాల్చవద్దు. ఒక మూలన గుంటలో వేస్తే కొన్ని నెలలలో ఎరువవుతుంది. అందులోని పురుగుల కోసం గోరింకలు వస్తాయి. పాముల విషయానికి వస్తే, వాటిని ప్రధానంగా రప్పించేవి ఎలుకలు. ఎలుకలను రప్పించేది మనం పారవేసే అన్నం, ఇటుకల కుప్పలు, పాత సామాను. వాటిని తొలగించి, పొదలను తలుపులకూ కిటికీలకూ దూరంగా పెంచి, రాత్రివేళ దీపం పట్టుకుని నడవడం క్షేమకరం.

వేసవిలో పక్షులకు నీళ్ల మట్టిపాత్ర పెట్టడం మన ఇళ్లలో ఉన్న మంచి అలవాటు. దప్పికగొన్న కుక్కకు నీళ్లు తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు మనకు తెలిసినదే. అయితే డెంగీ దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి వారం రోజుల వ్యవధి చాలు. కనుక పాత్రలోని నీటిని రోజు మార్చి రోజు పారబోసి, అంచులు తోమి, కొత్త నీరు పోయాలి. లేనిపక్షంలో పక్షికి చేసిన మేలు ఇంటిల్లిపాదికీ కీడవుతుంది.

పొరుగువారి హక్కు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన చెట్టు కొమ్మలు వారి మేడపై వాలినా, వేర్లు వారి గోడను పగులగొట్టినా దోషం మనదే. ప్రహరీకి ఆనుకుని పెద్ద చెట్టు నాటకూడదు. నాటే ముందు పొరుగువారితో ఒక మాట చెప్పి, కాసిన మునక్కాయలలోనో నిమ్మకాయలలోనో వారికి వాటా పంపితే ఆ చెట్టుకు ఇరువైపులా రక్షకులు లభిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది పురుగుమందు. నాలుగు ఆకులకు కన్నాలు పడగానే సీసా పట్టుకుని పిచికారీ చేయడం మనకు అలవాటైపోయింది. ఆ మందుకు పురుగేదో, తేనెటీగ ఏదో తెలియదు. విషం సోకిన పురుగును తల్లిపక్షి తీసుకుపోయి పిల్ల నోట పెడుతుంది. కూరగాయల మొక్కలపై పురుగు మితిమీరితే చేతితో ఏరివేయండి. అప్పటికీ తగ్గకపోతే వేపగింజల కషాయాన్ని ఆ మొక్కపై మాత్రమే, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ చల్లండి. కరివేప, నిమ్మలపై ఆ నాలుగు పురుగులను సహించండి.

మసీదు ఆవరణ, ఈద్గాహ్, ఖబరస్తాన్

మర్రి, రావి, మేడి వంటి చెట్లు ఇంటి పెరట్లో పెట్టదగినవి కావు. వాటి వేర్లు పునాదులను ఛేదిస్తాయి. కానీ జీవులకు వాటంతటి ఉపకారం చేసే చెట్లు అరుదు. వీటిలో దాదాపు ప్రతి జాతికీ దాని కాయలోనే పుట్టి పెరిగే ఒక ప్రత్యేకమైన చిన్న కందిరీగ ఉంటుంది; అది లేనిదే విత్తనం ఏర్పడదు. ఒక్కో చెట్టు ఒక్కో కాలంలో పండటం వల్ల ఇతర పండ్లు దొరకని రోజులలోనూ కంసాలి పిట్టలకు, కోకిలలకు, గబ్బిలాలకు ఆహారం లభిస్తుంది. ఇటువంటి చెట్లకు విశాలమైన స్థలం కావాలి. ఈద్గాహ్ మైదానపు అంచులలో, ఖబరస్తాన్‌లో ఖబర్లు లేని హద్దుల వెంట ఆ స్థలం మనకు ఉన్నది. మినార్ల పగుళ్లలో మొలిచిన రావి మొక్కను కట్టడం క్షేమం కోసం తీయక తప్పదు. తీసి పారవేయకుండా ఇటువంటి చోట నాటవచ్చు.

మదీనా పరిధిని హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్నీ, జంతువులను వేటాడటాన్నీ దైవప్రవక్త (స) నిషేధించారు. ఆ ఆదర్శాన్ని మననం చేసుకుంటూ మసీదు కమిటీలు తమ ఆధీనంలోని ఆవరణలో కొంత భాగాన్ని స్థానిక చెట్లకు కేటాయిస్తే, ముందుతరాలకది సదఖయె జారియా కాగలదు.

పిల్లలకు పేర్లు నేర్పుదాం

భారతీయ పక్షిశాస్త్రానికి వెలుగుబాట చూపిన డాక్టర్ సాలిం అలీ 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చను చూసి ఆయనకు ఆశ్చర్యం కలిగింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ప్రోత్సాహంతో దానిని తీసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కారు. ఆ జిజ్ఞాస ఆయన జీవితాన్నే మలిచింది. 1930ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ సంస్థానంలోని పక్షులను సర్వే చేసినది కూడా ఆయనే. ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ అనే ఆయన గ్రంథం 1941లో వెలువడింది. 1976లో పద్మవిభూషణ్ పురస్కారం ఆయనను వరించింది.

మన పిల్లలకు కార్టూన్ బొమ్మల పేర్లు వచ్చు. గుమ్మంలో వాలిన పిట్ట పేరు రాదు. వారికొక నోటుపుస్తకం ఇచ్చి, పెరటికి ఏ రోజు ఏ పిట్ట, ఏ సీతాకోకచిలుక వచ్చిందో రాయించండి. కరివేపపై పురుగు కనిపించినప్పుడు చెప్పుతో నలపకుండా, అది రోజురోజుకూ ఎలా మారుతున్నదో చూపించండి. గూటి జోలికి పోవద్దని చెప్పండి. పిల్లలను కోల్పోయి అల్లాడుతున్న తల్లిపక్షిని చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) తమ సహచరులను ఆదేశించిన వృత్తాంతాన్ని ఆ సందర్భంలో వినిపిస్తే వారి మనసులో నిలిచిపోతుంది.

ఎప్పుడు, ఎలా?

నాటడానికి తొలకరి అనువైన కాలం. వేసవిలోనే అడుగున్నర లోతు గుంత తీసి ఎండనిచ్చి, తొలి వానల తర్వాత పశువుల ఎరువు కలిపిన మట్టితో మొక్క నాటాలి. అటవీశాఖ నర్సరీలలో కానుగ, వేప, నేరేడు వంటివి లభిస్తాయి. తంగేడు, రేగు విత్తనాలను మన ఊరి బీడు భూములలోనే సేకరించుకోవచ్చు. పాతుకున్న మొక్కను పెకలించి తేవద్దు. మొదటి రెండు వేసవులు నీరు పోస్తే చాలును, ఆ పైన వాటి బతుకు అవి బతుకుతాయి. ఉన్న క్రోటన్లనూ, గులాబీలనూ ఒక్కసారిగా పీకివేయనక్కరలేదు. ఏటా ఒకటి రెండు స్థానిక మొక్కలకు చోటు కల్పిస్తూ పోతే సరిపోతుంది. ఫలితం మొదటి ఏడాదే కనిపించకపోవచ్చు. సీతాకోకచిలుక ముందు వస్తుంది, పిట్ట తర్వాత వస్తుంది, గూడు ఇంకా తర్వాత వెలుస్తుంది.

చేతిలో మొక్క ఉండగా ప్రళయ ఘడియ ఆసన్నమైనా, నాటగలిగితే దానిని నాటమని బోధించిన ప్రవక్త (స) అనుచరులం మనం. ఈ తొలకరికి మన ఇంటి ముందు ఒక కరివేపనో, రేగునో, తంగేడునో నాటుకుందాం. దాని ఆకు తిన్న పురుగునూ, ఆ పురుగును తిన్న పిట్టనూ మన కర్మల పత్రంలో సదఖాగా లిఖించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.